సోర్స్ రాక్ మెచ్యూరిటీ ఎలా తేల్చాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు వైపు నుంచి జియాలజీ చదువుతున్నవాళ్లు, చదివి పోటీ పరీక్షలకు తయారవుతున్నవాళ్లు డిజర్టేషన్ సీజన్ రాగానే సోర్స్ రాక్ (చమురు, గ్యాస్ పుట్టించే రాయి) గురించి దాదాపు అవే సందేహాలతో ఫోన్ చేస్తుంటారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడితే అందరికీ పనికొస్తుందని ఇది తయారుచేశాను. ప్రశ్నలు వాళ్లు అడిగిన మాటల్లోనే ఉంచాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మెచ్యూరిటీ అంటే అసలు ఏం కొలుస్తున్నాం సార్? రాయి వయసా, లోతా, వేడా?

ఈ మూడూ కాదు. రాతిలోని సేంద్రియ పదార్థం, అంటే కెరోజెన్, వేడి వల్ల ఎంతవరకు మారిందో కొలుస్తున్నాం. ఆ మార్పుకు వేడి ముఖ్యం, ఎంతకాలం ఆ వేడిలో ఉందన్నదీ ముఖ్యమే. అందుకే ఒకే లోతులో ఉన్న రెండు షేల్స్‌లో (మట్టి గట్టిపడి ఏర్పడిన పొరల రాళ్లలో) ఒకటి చమురు ఇచ్చే దశలో ఉండొచ్చు, ఇంకొకటి ఇంకా పచ్చిగానే ఉండొచ్చు. ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ మార్పు వెనక్కి పోదు. రాయి ఒకప్పుడు 4 కిలోమీటర్ల లోతుకు దిగి, తర్వాత పైపొరలు కోతకు గురై ఇప్పుడు 1 కిలోమీటరు లోతులో ఉన్నా, అది ఒకప్పుడు చవిచూసిన అత్యధిక వేడి గుర్తు దానిలో మిగిలే ఉంటుంది.

టీఓసీ 4 శాతం ఉంది. అంత మంచి రాయికి మళ్లీ మెచ్యూరిటీ ఎందుకు?

టీఓసీ (టోటల్ ఆర్గానిక్ కార్బన్) సేంద్రియ కార్బన్ ఎంత ఉందో చెబుతుంది. అది చమురుగా మారిందా, మారబోతోందా, ఎప్పుడో మారిపోయి మసి మిగిలిందా అన్నది చెప్పదు. 4 శాతం టీఓసీ ఉన్న పచ్చి షేల్ నుంచి ఒక్క చుక్క కూడా బయటకు వచ్చి ఉండకపోవచ్చు. 1.5 శాతమే ఉన్నది ఇప్పటికే బోలెడంత గ్యాస్ వదిలేసి ఉండొచ్చు. పైగా మెచ్యూరిటీ పెరిగేకొద్దీ టీఓసీ తగ్గుతుంది. కాబట్టి పూర్తిగా మెచ్యూర్ అయిన రాయిలో మీరు కొలిచేది మిగిలిన కార్బన్‌నే, మొదట ఉన్నదాన్ని కాదు.

ఆయిల్ విండో ఎన్ని డిగ్రీల దగ్గర మొదలవుతుంది? పుస్తకానికో అంకె ఉంది.

ఆయిల్ విండో అంటే రాయి చమురు ఇచ్చే దశ. అన్ని అంకెలూ ఏదో ఒక బేసిన్‌కు (అవక్షేపాలు పేరుకున్న పల్లపు ప్రాంతానికి) సరైనవే. మామూలుగా 60 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ అని చెబుతారు, కొందరు 150 దాకా పొడిగిస్తారు. కోట్ల ఏళ్లు మెల్లగా వేడెక్కిన పాత రాయిలో తక్కువ ఉష్ణోగ్రతకే పని మొదలవుతుంది. నదులు తెచ్చిన మట్టి గబగబా పేరుకున్న కుర్ర బేసిన్లలో అదే పనికి ఎక్కువ వేడి కావాలి. అందుకని డిగ్రీల్లో కాకుండా విట్రినైట్ (రాతిలోని కలప నలుసు) కాంతిని ఎంత శాతం వెనక్కి పంపుతుందో చెప్పే రిఫ్లెక్టెన్స్‌లో, అంటే ఆర్‌వోలో చెప్పడం మేలు. 0.6 శాతం దగ్గర చమురు మొదలు, 0.8 నుంచి 1.0 మధ్య జోరు, 1.3 దాటాక వెట్ గ్యాస్, 2.0 దాటాక డ్రై గ్యాస్. ఈ గీతలు కూడా కెరోజెన్ రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ జరుగుతాయి. సల్ఫర్ ఎక్కువగా ఉన్న టైప్ 2 కెరోజెన్ 0.6 కంటే ముందే చమురు ఇవ్వడం మొదలుపెడుతుంది.

కెరోజెన్ టైపు తెలియకుండా మెచ్యూరిటీ చెప్పలేమా?

అంకె చెప్పగలరు. దాని అర్థం చెప్పలేరు. సరస్సు నాచు నుంచి వచ్చిన టైప్ 1, సముద్రపు సూక్ష్మజీవుల నుంచి వచ్చిన టైప్ 2 ప్రధానంగా చమురిస్తాయి. చెట్టూ చేమా నుంచి వచ్చిన టైప్ 3 ఎక్కువగా గ్యాసే ఇస్తుంది. టైప్ 4 దాదాపు ఏమీ ఇవ్వదు. ఆర్‌వో 0.9 అని రాసి ఊరుకుంటే చదివేవాడు చమురు అనుకుంటాడు. ఆ రాయి టైప్ 3 అయితే అక్కడ దొరికేది చాలావరకు గ్యాస్.

బెజవాడ చుట్టూ ఇన్ని కొండలున్నాయి కదా, ఆ రాళ్లతో ప్రాక్టీస్ చేయొచ్చా?

కుదరదు. ఇంద్రకీలాద్రి, ఉండవల్లి వైపు మనకు కనిపించేది ఖోండలైట్, తూర్పు కనుమల రాయి. భూమి లోపల చాలా ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర పూర్తిగా రూపం మారిపోయింది. ఒకప్పటి అవక్షేపంలోని కార్బన్ ఏదైనా మిగిలి ఉంటే అది గ్రాఫైట్‌గానే ఉంటుంది. ప్రాక్టీసుకు సింగరేణి బొగ్గు ముక్క వెయ్యి రెట్లు నయం.

## నమూనా దగ్గర

కటింగ్స్ మంచివా, కోర్ మంచిదా?

కోర్ (వెల్‌లోంచి కడ్డీలా తీసిన రాయి) దొరికితే కోరే. అది ఏ లోతు నుంచి వచ్చిందో అనుమానం ఉండదు. వెల్ గోడలోంచి తీసే సైడ్‌వాల్ కోర్ కూడా చాలా మంచిది. అయితే కోర్ తీసేది ఎక్కువగా చమురు నిలిచే రిజర్వాయర్ ఇసుకరాయిలో, షేల్‌లో తీయడం అరుదు. కాబట్టి మనలో చాలామందికి దొరికేది కటింగ్సే, అంటే డ్రిల్లింగ్‌లో పైకొచ్చే రాతి ముక్కలే. వాటిలో మూడు బెడదలు. మొదటిది, పైనుంచి గోడ రాలి కలిసే ముక్కలు. రెండోది, డ్రిల్లింగ్ మడ్‌లో (వెల్‌లో తిప్పే బురద ద్రవంలో) వేసే పదార్థాలు. లిగ్నైట్, లిగ్నోసల్ఫోనేట్, గిల్సొనైట్, కొన్నిసార్లు డీజిల్ కూడా. మూడోది, ఒక్కో సంచిలో 5 నుంచి 10 మీటర్ల రాయి కలగలిసి ఉండటం.

కటింగ్స్ సంచి అందగానే మొత్తం దంచెయ్యకండి. బైనాక్యులర్ కింద పళ్లెంలో పోసి షేల్ ముక్కలను సన్న పట్టకారుతో ఏరండి. నల్లగా, ముదురు బూడిద రంగులో, అంచులు పదునుగా ఉన్నవి ఒక పక్క. గుండ్రంగా అరిగినవి, లేత రంగువి ఇంకో పక్క. వెల్‌లో కేసింగ్ (గోడకు దించే ఉక్కు గొట్టం) ఎక్కడ వేశారో తెలుసుకోండి. కేసింగ్ దించాక దాని పైభాగం నుంచి రాళ్లు రాలవు కాబట్టి దాని కింద తీసిన మొదటి నమూనాలు చాలా శుభ్రంగా ఉంటాయి. మడ్‌లో ఏమేం కలిపారో రాసిన రిపోర్ట్ కాపీ కూడా అడగండి. చాలామంది ఆ కాగితం కోసం అడగనే అడగరు.

అవుట్‌క్రాప్ షేల్ మీద చేస్తే రిజల్ట్ పనికొస్తుందా?

జాగ్రత్తగా చేస్తే వస్తుంది. ఒంగోలు వైపు వేమవరం షేల్స్, ఏలూరు జిల్లా పైభాగంలో రాఘవాపురం షేల్స్ బయటికి కనిపిస్తాయి. మొక్కల శిలాజాల కోసం వెళ్లినవాళ్లకు ఆ చోట్లు తెలిసే ఉంటాయి. మన ఎండకూ వానకూ పైపొర బాగా ఆక్సీకరణం చెంది ఉంటుంది. అలాంటి రాయిలో హైడ్రోజన్ ఇండెక్స్ (హెచ్‌ఐ, ఉన్న కార్బన్‌కు ఎంత హైడ్రోకార్బన్ ఇవ్వగలదన్నది) తగ్గుతుంది, ఆక్సిజన్ ఇండెక్స్ పెరుగుతుంది, టీమ్యాక్స్ (రాక్-ఎవాల్ యంత్రం ఇచ్చే మెచ్యూరిటీ అంకె) కూడా ఉండాల్సినదానికంటే పెరిగి కనిపించొచ్చు. తెల్లబారిన, పసుపు మరకలున్న పొరను తవ్వి తీసేసి, లోపల ముదురు రంగు తగిలాకే నమూనా తీయాలి. కొత్తగా తవ్విన కాలవ, బావి, క్వారీ గోడ దొరికితే మరీ మంచిది. ఒక మాట ముందే అనుకోండి. బేసిన్ అంచున బయటపడిన షేల్ ఎక్కువగా పచ్చిదే. లోపల మూడు నాలుగు కిలోమీటర్ల కింద ఉన్న అదే షేల్ మెచ్యూరిటీని ఇది చెప్పదు. కెరోజెన్ మొదట ఎలా ఉండేదో తెలుసుకోవడానికి మాత్రం పచ్చి నమూనాను మించింది లేదు.

కడిగిన నమూనాలు ఎండలో ఆరబెట్టొచ్చా?

వద్దు. రోహిణి కార్తెలో గుంటూరు మేడ మీద రేకు ఎంత కాలుతుందో మీకు తెలుసు. తేలికపాటి హైడ్రోకార్బన్లు ఆ వేడికే ఎగిరిపోతాయి, వాటిని కొలిచే ఎస్1 విలువ పడిపోతుంది. నీడలో, ఫ్యాన్ గాలికి, 40 డిగ్రీలు దాటకుండా ఆరనివ్వండి. ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర పెట్టేయడం మట్టి నమూనాలకు అలవాటైన పద్ధతి, ఇక్కడ పనికిరాదు. కడగడానికి చల్లటి నీళ్లు చాలు. సబ్బు పొడి వాడకండి.

ఎన్ని మీటర్లకు ఒక నమూనా తీసుకోవాలి?

మెచ్యూరిటీ ట్రెండ్ గీయాలంటే వెల్ మొత్తం మీద 100 మీటర్లకు ఒకటి సరిపోతుంది. సోర్స్ రాక్ ఉన్న భాగంలో 10 మీటర్లకు ఒకటి తీయండి. ఒకే లోతులో పది నమూనాలు చేయడం కంటే పది లోతుల్లో ఒక్కొక్కటి చేయడం లాభం.

## రాక్-ఎవాల్ దగ్గర

ఎస్1, ఎస్2, టీమ్యాక్స్ ఒక్కసారి మామూలు మాటల్లో చెప్పండి.

ఇవి రాక్-ఎవాల్ యంత్రం ఇచ్చే అంకెలు. రాయిని మెత్తగా పొడి చేసి, సుమారు 60 నుంచి 100 మిల్లీగ్రాములు చిన్న మూసలో వేసి, గాలి తగలకుండా నైట్రోజన్‌లో వేడి చేస్తారు. ముందు 300 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు ఉంచుతారు. అప్పటికే రాతిలో స్వేచ్ఛగా ఉన్న హైడ్రోకార్బన్లు ఆవిరై వస్తాయి, అది ఎస్1. తర్వాత నిమిషానికి 25 డిగ్రీల చొప్పున పెంచుతూ పోతే కెరోజెన్ పగిలి మళ్లీ హైడ్రోకార్బన్లు వస్తాయి, అది ఎస్2. ఎస్2 శిఖరం ఎత్తు అందుకున్న చోట ఉన్న ఉష్ణోగ్రతతో ముడిపడిన అంకె టీమ్యాక్స్. ఫ్రాన్స్‌లోని పెట్రోలియం సంస్థ ఐఎఫ్‌పీలో 1970లలో ఈ పద్ధతి తయారైంది. వెల్ సైట్‌లో కూడా గబగబా చేయగలగడం వల్ల ప్రపంచమంతా పాకింది.

టీమ్యాక్స్ 440 డిగ్రీలు వచ్చింది. మా రాయి భూమిలో 440 డిగ్రీలకు వేడెక్కిందా?

లేదు. ఏటా ఎవరో ఒకరు వైవాలో ఇలా చెప్పి ఇబ్బంది పడతారు. భూమిలో కోట్ల ఏళ్లలో జరిగే పనిని యంత్రం నిమిషాల్లో చేస్తుంది కాబట్టి చాలా ఎక్కువ వేడి కావాలి. అప్పటికే బాగా ఉడికిపోయిన కెరోజెన్‌లో బలహీనమైన బంధాలన్నీ తెగిపోయి గట్టివే మిగులుతాయి. వాటిని తెంచడానికి ఇంకా ఎక్కువ ఉష్ణోగ్రత పడుతుంది. అందుకే మెచ్యూరిటీ పెరిగితే టీమ్యాక్స్ పెరుగుతుంది. 435 లోపు పచ్చి, 435 నుంచి 470 దాకా ఆయిల్ విండో, ఆపైన గ్యాస్ అన్నది వాడుకలో ఉన్న కొలమానం. 440 వచ్చిన టైప్ 2 రాయి భూమిలో చూసిన వేడి బహుశా 100 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది.

ప్రతి బ్యాచ్‌లోనూ స్టాండర్డ్ నడిపారా అని కూడా చూడండి. ఐఎఫ్‌పీ 160000 అనే స్టాండర్డ్‌కు టీమ్యాక్స్ 416 రావాలి. అది 420 చూపిస్తే మీ నమూనాల అంకెలన్నీ అదే దారిలో జరిగి ఉంటాయి.

లోతు పెరిగినా టీమ్యాక్స్ తగ్గింది. మెషిన్ పాడైందా?

మెషిన్‌ను అనే ముందు పైరోగ్రామ్ (ఎస్1, ఎస్2 శిఖరాలు కనిపించే గీత) తెరిచి చూడండి. అంకెల ఎక్సెల్ షీట్ ఒక్కటే తెచ్చుకుని పైరోగ్రామ్‌లు తెచ్చుకోని వాళ్లే ఇక్కడ ఇరుక్కుంటారు. ఎస్2 గ్రాముకు 0.2 మిల్లీగ్రాముల కంటే తక్కువైతే శిఖరం అంటూ ఉండదు, చదునైన గుట్టలాంటి గీత ఉంటుంది. దాని మీద కంప్యూటర్ ఏదో ఒక చోట చుక్క పెడుతుంది. ఆ టీమ్యాక్స్‌ను పక్కన పెట్టండి.

శిఖరం బాగానే ఉండి దానికి ఎడమ పక్కన భుజంలా ఇంకో ఎత్తు కనిపిస్తే, బరువైన నూనో బిటుమెనో మడ్‌లో కలిపినదో ఎస్2లోకి చొరబడింది. పీఐ (ప్రొడక్షన్ ఇండెక్స్, కింద చెప్పాను) కూడా అసహజంగా ఎక్కువగా ఉంటే అనుమానం గట్టిపడుతుంది. అప్పుడు ఆ పొడిని డైక్లోరోమీథేన్‌తో కడిగి, ద్రావకం పూర్తిగా ఆరాక మళ్లీ నడపాలి. టీమ్యాక్స్ 425 నుంచి 441కి లేచిందనుకోండి, ముందు వచ్చింది నూనె అంకె, తర్వాత వచ్చింది రాతి అంకె. రెండుసార్లూ అదే వస్తే పైనుంచి రాలిన ముక్కలనో, కెరోజెన్ రకం మారడాన్నో అనుమానించండి. టైప్ 1 కెరోజెన్ టీమ్యాక్స్ మెచ్యూరిటీతో పెద్దగా కదలదు. టైప్ 3 చాలా చక్కగా కదులుతుంది. రెండూ పొరలు పొరలుగా ఉన్న వెల్‌లో గీత వంకర్లు పోవడం సహజమే.

పీఐ ఎంత ఉంటే మెచ్యూర్ అనాలి?

ఎస్1ను ఎస్1, ఎస్2ల మొత్తంతో భాగిస్తే వచ్చేదే పీఐ. 0.1 దగ్గర ఆయిల్ విండో మొదలు, 0.4 దగ్గర చివర. చమురు ఆ రాతిలోనే పుట్టి అక్కడే ఉంటేనే ఈ లెక్క చెల్లుతుంది. బయటకు పోయినా, పక్క పొర నుంచి వచ్చి చేరినా చెల్లదు. ఒక్క పీఐ చూసి తీర్పు చెప్పకండి.

టీమ్యాక్స్ నుంచి ఆర్‌వో లెక్కగట్టేస్తే సరిపోదా? మైక్రోస్కోప్ గొడవ ఉండదు.

సూత్రం ఉంది. టీమ్యాక్స్‌ను 0.018తో గుణించి 7.16 తీసేయాలి. 445 డిగ్రీలకు 0.85 వస్తుంది. జార్వీ, ఆయన సహచరులు 2001లో టెక్సస్‌లోని బార్నెట్ షేల్ డేటాతో కట్టిన సూత్రం ఇది. సల్ఫర్ తక్కువగా ఉన్న సముద్రపు టైప్ 2 కెరోజెన్‌కు సరిపోతుంది. మన కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో చెట్ల నుంచి వచ్చిన సేంద్రియ పదార్థం చాలా ఎక్కువ. అలాంటి రాతికి ఈ సూత్రం గుడ్డిగా వాడితే 0.1, 0.2 తేడా సులువుగా వస్తుంది. ఆ కాస్త తేడాతోనే పచ్చి రాయి ఆయిల్ విండోలోకి వచ్చేస్తుంది. వాడితే 'లెక్కగట్టిన ఆర్‌వో' అని స్పష్టంగా రాయండి. కొలిచిన విలువల కాలమ్‌లో మాత్రం కలపొద్దు.

## మైక్రోస్కోప్ దగ్గర

బొగ్గులో చూసే విట్రినైట్‌కు చమురుతో ఏం సంబంధం?

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌కు వ్యాగన్లలో వచ్చే బొగ్గులో నిగనిగలాడే నల్లటి చారలు చూసే ఉంటారు. అందులో ఎక్కువ భాగం విట్రినైట్, ఒకప్పటి చెట్ల కలప కణజాలం. వేడి పెరిగేకొద్దీ దాని అణువులు వలయాలుగా, పలకలుగా సర్దుకుంటాయి. దానితో అది కాంతిని ఎక్కువగా వెనక్కి పంపుతుంది. ఈ సంగతి ముందు బొగ్గువాళ్లు కనిపెట్టి బొగ్గు ర్యాంకు, అంటే అది ఎంత ముదిరిందో తేల్చడానికి వాడుకున్నారు. నదులు కొట్టుకొచ్చిన కలప నలుసులు షేల్‌లో కూడా ఉంటాయి కాబట్టి తర్వాత చమురువాళ్లు అందిపుచ్చుకున్నారు. విట్రినైట్ తానుగా చమురు పెద్దగా ఇవ్వదు. రాతిలో నమోదైన వేడిని చదవడానికి వాడే కొలకర్ర అది.

పెల్లెట్ పాలిష్ ఎంతవరకు చేయాలి?

పెల్లెట్ అంటే రాతి ముక్కలను రెసిన్‌లో బిగించిన దిమ్మ. 50 రెట్ల ఆయిల్ ఆబ్జెక్టివ్ కింద విట్రినైట్ మీద గీతలు కనిపించనంత వరకు. ముతక కాగితం నుంచి సన్న కాగితానికి వెళ్లి, ఆపైన అల్యూమినా పొడి 1 మైక్రాన్, 0.3, చివర 0.05. ప్రతి దశ తర్వాత పెల్లెట్‌ను, చేతుల్ని, పళ్లెం అంచుల్ని కూడా కడగాలి. ముందు దశ రేణువు ఒక్కటి మిగిలినా చివర్లో అడ్డంగా ఒక గీత పడుతుంది. షేల్‌లో మట్టి మెత్తన, క్వార్ట్జ్ గట్టిది. ఎక్కువసేపు రుద్దితే మెత్తనిది దిగిపోయి విట్రినైట్ అంచులు గుండ్రమవుతాయి, రీడింగ్ తగ్గుతుంది. పాలిష్ అయిన పెల్లెట్‌ను డెసికేటర్‌లో ఉంచి, వీలైనంత త్వరగా కొలవండి.

కొలిచే గదిలో ఏసీ ఉండాలి. ఆయిల్ వక్రీభవన గుణకం 1.518 అని పెట్టుకున్నది 23 డిగ్రీల దగ్గర. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి గది వేడెక్కితే కాసేపు ఆగి, మళ్లీ కాలిబ్రేషన్ చేశాకే మొదలుపెట్టండి. మెచ్యూరిటీ తక్కువగా ఉంటుందనుకుంటే 0.59 సఫైర్, 0.90 యాగ్ స్టాండర్డులు రెండూ పెట్టి చూడండి.

100 రీడింగులు దొరకడం లేదు. 20తో రాయొచ్చా?

రాయొచ్చు, ఎన్ని దొరికాయో పక్కనే రాస్తే. బొగ్గులో 100 తీయడం తేలిక, షేల్‌లో ఒక్కోసారి పెల్లెట్ అంతా వెతికినా 20 దొరకవు. ఒకే చోట గుమిగూడిన 20 మంచి రీడింగులు, చెల్లాచెదురుగా ఉన్న 100 కంటే నమ్మదగినవి. ఐదారు దొరికితే మాత్రం వాటిని ట్రెండ్‌లో వేయకుండా సూచనగానే పేర్కొనండి. సంఖ్య పెంచాలని అనుమానపు నలుసులను కొలవడం మొదలుపెడితే ఆ నమూనా చేజారిపోయినట్టే.

హిస్టోగ్రామ్‌లో గుంపులు గుంపులుగా వచ్చాయి. మొత్తం సగటు తీయాలా?

తీయకండి. ఉదాహరణకు 40 రీడింగులు ఇలా ఉన్నాయనుకోండి. 0.42 చుట్టూ 8, 0.64 చుట్టూ 20, 1.25 చుట్టూ 12. మొత్తం సగటు 0.78 వస్తుంది. 0.78 దగ్గర నిజానికి ఒక్క రీడింగ్ కూడా లేదు. ఆ అంకెను చూసి రాయి చమురు జోరు మీద ఉందని రాసేస్తే వెల్ కథ మొత్తం తలకిందులవుతుంది.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలంటారు. కటింగ్స్‌లో ఆ మాట చెల్లదు. ఒకే పళ్లెంలో మూడు కుండల మెతుకులుంటాయి. 0.42 గుంపు ఎక్కువగా పైనుంచి రాలిన రాయి. పై లోతుల నమూనాల్లో అసలు గుంపు 0.42 దగ్గరే ఉంటే అది ఖాయం. 1.25 గుంపు పాత రాళ్లు అరిగి, కొట్టుకొచ్చి కొత్త షేల్‌లో చేరిన విట్రినైట్ కావచ్చు. లేదా సెమీఫ్యూజినైట్‌ను (సగం కాలిన కలప నలుసును) విట్రినైట్ అనుకుని కొలిచి ఉండొచ్చు. మళ్లీ మైక్రోస్కోప్ కింద పెట్టి ఆ నలుసుల ఆకారం చూడండి. అంచులు అరిగి గుండ్రంగా ఉంటే కొట్టుకొచ్చినవి. కణాల గోడలు ఖాళీ గదుల్లా ఉబ్బి కనిపిస్తే ఫ్యూజినైట్ వైపు చూడండి. ఇక్కడే పుట్టిన విట్రినైట్ మామూలుగా పొరల వెంబడి సాగి, నున్నగా, ఒకే బూడిద రంగులో ఉంటుంది. ఈ ఉదాహరణలో 0.64 గుంపే మీ జవాబు. కానీ పై, కింది నమూనాల గుంపులతో కలిపి గీత గీశాక అది గీత మీద పడితేనే.

గుంపుల్లో ఒకటి ఎంచుకున్నామంటే ఎందుకు ఎంచుకున్నామో రాయాలి. పక్కన పెట్టిన రీడింగులను చెరిపేయకుండా, వేరే రంగులో హిస్టోగ్రామ్‌లోనే ఉంచాలి. రేపు ఇంకొకరికి మీ ఎంపిక తప్పనిపిస్తే తిరిగి చూసుకునే వీలుంటుంది.

ఆర్‌వో అనుకున్నదానికంటే తక్కువ వచ్చింది. సప్రెషన్ అంటున్నారు, అదేంటి?

హైడ్రోజన్ బాగా ఉన్న, చమురిచ్చే షేల్స్‌లో విట్రినైట్ ఆర్‌వో ఉండాల్సినంత పెరగదు. పైన, కింద ఉన్న బొగ్గు పొరల్లో 0.75 ఉండి, మధ్యలో ఉన్న నల్లటి షేల్‌లో 0.55 కనిపిస్తే సప్రెషన్‌ను అనుమానించాలి. హెచ్‌ఐ ఎక్కువగా ఉన్న పొరలోనే ఆర్‌వో వెనక్కి తగ్గుతూ, టీమ్యాక్స్ మాత్రం ట్రెండ్‌లోనే ఉందా అని చూడండి. అయితే అంకె నచ్చనప్పుడల్లా సప్రెషన్ అనడం కూడా చూశాను. పక్క పొరతో పోల్చి చూపించలేకపోతే ఆ మాట రాయొద్దు.

పల్నాడు నుంచి షేల్ తెచ్చాం. విట్రినైట్ ఒక్కటీ దొరకలేదు.

దొరకదు. పిడుగురాళ్ల, మాచర్ల వైపు సున్నపురాయితో పాటు ఉన్న ఆ షేల్స్ ప్రొటెరోజోయిక్ కాలం నాటివి. అప్పటికి నేల మీద చెట్లే లేవు. విట్రినైట్ కావాలంటే కనీసం డెవోనియన్ నుంచి ఇటు రావాలి. పాత రాళ్లలో గట్టిపడిన బిటుమెన్ ముక్కలు దొరికితే వాటి రిఫ్లెక్టెన్స్ కొలవొచ్చు. యాకబ్ 1989లో ఇచ్చిన సూత్రం ప్రకారం ఆ విలువను 0.618తో గుణించి 0.40 కలిపితే విట్రినైట్‌కు సమానమైన అంకె వస్తుంది. బిటుమెన్ 0.70 అయితే 0.83 అన్నమాట. దాన్ని రామన్ స్పెక్ట్రమ్‌తోనూ, ఇల్లైట్ స్ఫటికీకరణతోనూ సరిచూసుకోండి. మెచ్యూరిటీ బాగా ఎక్కువగా ఉండే రాళ్లలో ఎస్2 చాలా తక్కువగా ఉంటుంది కాబట్టి టీమ్యాక్స్ మీద ఆశ పెట్టుకోకండి.

స్పోర్ రంగు, ఫ్లోరోసెన్స్ పాత పద్ధతులు కదా, అవసరమా?

అవసరమే, ఖర్చు కూడా తక్కువ. స్పోర్, పుప్పొడి రేణువుల రంగు లేత పసుపు నుంచి నారింజ, గోధుమ రంగుల మీదుగా నలుపుకు మారుతుంది. నీలి కాంతి కింద ఆల్జినైట్ (నాచు అవశేషం) మొదట ఆకుపచ్చ పసుపులో, తర్వాత నారింజలో, ఆపైన మసక ఎరుపులో మెరిసి, ఆర్‌వో 1.3 వచ్చేసరికి మెరవడం మానేస్తుంది. 0.4 అని కొలిచిన రాయిలో ఆల్జినైట్ మెరుపే లేకపోతే మీ 0.4 పైనుంచి రాలిన ముక్కదేమో చూసుకోవాలి. అంకె మీద అనుమానం వచ్చినప్పుడు నేను మొదట వెళ్లేది ఈ మెరుపు దగ్గరికే.

## బయోమార్కర్లు

బయోమార్కర్ రేషియోలు ఎప్పుడు చేయించాలి?

బయోమార్కర్లంటే ఒకప్పటి జీవుల నుంచి మిగిలిన అణువులు. చమురు నమూనా మాత్రమే ఉండి రాయి దొరకనప్పుడు తప్పనిసరి, ఎందుకంటే చమురులో విట్రినైట్ ఉండదు. రాతికైతే మిగతా పద్ధతులు గొడవ పడినప్పుడు చేయించండి. హోపేన్ 22ఎస్ నిష్పత్తి ఆయిల్ విండో మొదట్లోనే 0.6 దగ్గర ఆగిపోతుంది, ఆ తర్వాత ఏం జరిగినా కదలదు. సి29 స్టెరేన్ 20ఎస్ నిష్పత్తి 0.55 దగ్గర ఆగుతుంది, అప్పటికి ఆర్‌వో సుమారు 0.8. అంటే 0.55 వచ్చిందంటే 'కనీసం ఇంత' అనే చెప్పగలం, 'సరిగ్గా ఇంత' అనలేం. ఆ పైన ఫినాంత్రీన్ నిష్పత్తులు పనికొస్తాయి.

## లోతు, వేడి, మోడల్

గ్రేడియెంట్ తెలిస్తే లెక్కగట్టుకోవచ్చు కదా, ల్యాబ్ ఎందుకు?

ఉపరితలం 28 డిగ్రీలు, కిలోమీటరుకు 30 డిగ్రీల గ్రేడియెంట్ అనుకుంటే 3 కిలోమీటర్ల దగ్గర 118 డిగ్రీలు వస్తుంది. అది ఇవాళ్టి వేడి. రాయి ఎన్నాళ్లుగా ఆ వేడిలో ఉందో, ఒకప్పుడు ఇంకా లోతుకు దిగి పైకొచ్చిందో ఆ లెక్కలో లేదు. వెల్ అడుగున కొలిచిన ఉష్ణోగ్రతను కూడా నేరుగా వాడకూడదు. మడ్ తిరుగుతున్నప్పుడు రాయి చల్లబడుతుంది కాబట్టి హార్నర్ పద్ధతిలో సరిచేయాలి.

కొలతల్లోనే ఈ కథ దొరుకుతుంది. ఆర్‌వోను లాగ్ స్కేల్ మీద, లోతును నిలువుగా పెట్టి గీత గీయండి. మామూలుగా అది ఉపరితలం దగ్గర 0.2, 0.25 మధ్య తాకాలి. 0.4 దగ్గర తాకితే పైన చాలా మందం కోతకు పోయిందని అర్థం. గీతలో ఒక్కసారిగా మెట్టు కనిపిస్తే అక్కడ ఫాల్టో (పొరలు జరిగిన పగులు) అన్‌కన్ఫర్మిటీయో (పొరల మధ్య కాలం తెగిన చోటు) ఉందేమో సైస్మిక్‌లో వెతకండి.

ఈజీ ఆర్‌వో మోడల్ చేశాం. కొలతతో కలవడం లేదు. ఏది మార్చాలి?

రాయి వేడి చరిత్ర నుంచి ఆర్‌వోను లెక్కగట్టడానికి స్వీనీ, బర్న్‌హామ్ 1990లో ఇచ్చిన మోడల్ అది. అంతకుముందు లోపాటిన్ 1971లో, ప్రతి 10 డిగ్రీలకు చర్య వేగం రెట్టింపవుతుందన్న సులువు లెక్కతో మొదలుపెట్టారు. మోడల్ కలవనప్పుడు చాలామంది హీట్ ఫ్లో ఒక్కటే తిప్పుతూ కూర్చుంటారు. ముందు ఇవాళ్టి ఉష్ణోగ్రతలతో మోడల్ కలుస్తోందా చూడండి. అది కలిసి, ఆర్‌వో కలవకపోతే గతంలోని కోత మందమో, రిఫ్ట్ కాలపు హీట్ ఫ్లోనో మార్చాలి. ఇవాళ్టివే కలవకపోతే రాతి ఉష్ణ వాహకతలు చూడండి. బొగ్గు, షేల్ వేడిని సరిగా పోనివ్వవు, వాటికి ఇసుకరాయి విలువ పెడితే లెక్క తేలదు.

రాజమండ్రి ట్రాప్స్ లావా వేడికి కింది షేల్స్ మాడిపోయి ఉంటాయా?

లావా పైన పారితే కింద కొద్ది మీటర్లకు మించి ప్రభావం ఉండదు, వేడి చాలావరకు గాలిలోకే పోతుంది. పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కనిపించే ఆ బసాల్ట్ ప్రవాహాలు సుమారు 6.5 కోట్ల ఏళ్ల నాటివి. భయపడాల్సింది లోపలికి చొచ్చుకొచ్చిన డైక్, సిల్ గురించి. వాటి మందానికి ఒకటి రెండు రెట్ల దూరం వరకు ఆర్‌వో ఒక్కసారిగా లేచిపోతుంది. నమూనా అలాంటి చోటు పక్కనే పడితే దాన్ని ప్రాంతపు ట్రెండ్‌లో కలపకండి.

## మన కేజీ బేసిన్

కేజీ బేసిన్‌లో ఏ షేల్స్‌ను సోర్స్ రాక్స్‌గా చూడాలి?

లోతు నుంచి పైకి చెబుతాను. పెర్మియన్ కాలపు కొమ్ముగూడెం ఫార్మేషన్, బొగ్గూ షేలూ కలిసినది, ఎక్కువగా గ్యాస్ ఇచ్చే స్వభావం. మండపేట ఇసుకరాళ్లలోని గ్యాస్‌ను దీనితోనే ముడిపెడతారు. ఆపైన క్రెటేషియస్ రాఘవాపురం షేల్, మన వైపు గుడివాడ, బంటుమిల్లి గ్రాబెన్లకు (పగుళ్ల మధ్య కుంగిన భాగాలకు) సంబంధించి ముఖ్యమైనది ఇదే. తర్వాత పాలియోసీన్, ఈయోసీన్ కాలాల పాలకొల్లు, వడపర్రు షేల్స్, తీరం వైపూ సముద్రం వైపూ. ఒకే ఫార్మేషన్ హార్స్ట్ (పగుళ్ల మధ్య పైకి నిలిచిన భాగం) మీద పచ్చిగా, పక్క గ్రాబెన్ నడుమ మెచ్యూర్‌గా ఉండొచ్చు. కైకలూరు హార్స్ట్ మీద తీసిన అంకెను గుడివాడ గ్రాబెన్‌కు అంటించకండి.

డెల్టాలో చేతిపంపు బోరులోనే గ్యాస్ బుడగలు వస్తాయంటారు. కింద సోర్స్ రాక్ మెచ్యూర్ అయినట్టేనా?

అలా అనుకోనవసరం లేదు. డెల్టా బురదలో బాక్టీరియా తయారుచేసే మీథేన్‌కు వేడితో పని లేదు. 2006లో మన గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కేజీ బేసిన్ సముద్రపు అడుగున కనుగొన్న హైడ్రేట్లలోని మీథేన్ కూడా ప్రధానంగా సూక్ష్మజీవుల నుంచి వచ్చిందే. కార్బన్ ఐసోటోప్ విలువ మైనస్ 60 కంటే తేలికగా ఉండి, ఈథేన్, ప్రొపేన్ దాదాపు లేకపోతే బాక్టీరియా గ్యాస్. మైనస్ 50 కంటే బరువుగా ఉండి ఈథేన్ కనిపిస్తే లోతు నుంచి వచ్చిందేమో చూడాలి. గ్యాస్ పరీక్ష చేయించకుండా మెచ్యూరిటీ మాట ఎత్తొద్దు.

## రిపోర్ట్ రాసేటప్పుడు

ల్యాబ్ సౌకర్యం, డేటా ఎక్కడ దొరుకుతాయి?

లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, ధన్‌బాద్ ఐఐటీ వైపు మీ గైడ్ ద్వారా లెటర్ పంపి అడగండి. డెహ్రాడూన్‌లో ఓఎన్‌జీసీకి కేశవదేవ్ మాలవీయ పేరుతో పెద్ద పరిశోధన సంస్థ ఉంది. వెల్ డేటాకు హైడ్రోకార్బన్ల డైరెక్టరేట్ జనరల్ (డీజీహెచ్) నడిపే నేషనల్ డేటా రిపాజిటరీ ఉంది.

టేబుల్‌లో ఏమేం తప్పకుండా ఉండాలి?

నమూనా లోతు, అది కటింగ్సా కోరా, టీఓసీ, ఎస్1, ఎస్2, ఎస్3 (కెరోజెన్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్), టీమ్యాక్స్, ఆర్‌వో, దాని స్టాండర్డ్ డీవియేషన్, ఎన్ని రీడింగులు, పక్కన పెట్టినవి ఎన్ని. అనుబంధంలో ప్రతి నమూనా హిస్టోగ్రామ్, ముఖ్యమైన వాటి పైరోగ్రామ్, రెండు మూడు ఫోటోలు. ఫోటో మీద స్కేల్ బార్ లేకపోతే ఎగ్జామినర్ మొదట అడిగేది అదే.

టీమ్యాక్స్ మెచ్యూర్ అంటోంది, ఆర్‌వో పచ్చి అంటోంది. చివరికి ఏది రాయాలి?

రెండూ రాసి, ఎందుకు తేడా వచ్చిందో రాయాలి. ఎస్2 శిఖరం స్పష్టంగా ఉందా, ఆర్‌వో గుంపులో రీడింగులు ఎన్ని, హెచ్‌ఐ ఎక్కువా, రాయి బయట ఆక్సీకరణం చెందిందా, మడ్‌లో ఏం కలిపారు అన్నవి ఒక్కొక్కటిగా చూస్తే ఎక్కువసార్లు రెండింటిలో ఒకటి బలహీనపడుతుంది. అవుట్‌క్రాప్ రాతిలో ఇలా జరిగితే టీమ్యాక్స్‌ను అనుమానించండి. చమురిచ్చే నల్లటి షేల్‌లో జరిగితే ఆర్‌వోను అనుమానించండి. అప్పటికీ తేలకపోతే ఆ పెల్లెట్‌నే నీలి కాంతి కింద పెట్టి ఆల్జినైట్ ఏ రంగులో మెరుస్తోందో నోట్ చేసుకుని, సి29 స్టెరేన్ నిష్పత్తి చేయించండి. రిపోర్ట్‌లో 'ఆర్‌వో 0.55 నుంచి 0.70 మధ్య' అని పరిధిగా రాయడానికి మొహమాటపడొద్దు. తప్పుడు 0.62 కంటే ఆ పరిధి ఆధారంగానే వెల్ వేసేవాళ్లు మంచి నిర్ణయం తీసుకోగలరు.